గడ్డికొండల చిరుబల్లి

బల్లి అనగానే మనకు ఇంటిగోడ జ్ఞప్తికి వచ్చును. దీపము చుట్టు మూగు పురుగుల కొరకు పొంచియుండు ఆ ప్రాణి మన ఇండ్లలో అద్దె ఇయ్యని కాపురస్థుడు. ఎవరైన ఒక మాట చెప్పుచుండగా అది పలికినచో, ఆ మాట సత్యమని పెద్దలు వ్రేళ్ళతో నేలను తట్టుదురు. అది మీద పడినచో తలమీదనా, భుజముమీదనా అని విచారించి, పంచాంగములో అచ్చైన బల్లిపాటు పట్టికను తిరుగవేయుదురు. కంచిలోని బంగారు బల్లిని తాకివచ్చినవారికి ఆ దోషము అంటదని నమ్మువారు నేటికిని కలరు. ఇంతగా మన నిత్యజీవితముతో పెనవేసికొన్న ప్రాణిని గురించి మనకు తెలిసినది మాత్రము స్వల్పము.

బల్లులన్నియు ఇంటిబల్లులు కావు. ప్రపంచములో 1,500కు పైగా బల్లిజాతులను శాస్త్రజ్ఞులు గుర్తించిరి. ఎడారి ఇసుకలో బ్రతుకునవి కొన్ని, అడవిచెట్ల బెరడుపై బ్రతుకునవి కొన్ని, రాతిసందులను విడువనివి కొన్ని. మన తిరుమల కొండల రాళ్ళలో పసిడివన్నె బల్లి ఒకటి కలదు. మన వెలికొండలలో సయితము, అంతవరకు శాస్త్రమునకు తెలియని చిన్న బల్లిజాతి నొకదానిని 2020లో వర్ణించి పేరు పెట్టిరి. అయితే నేడు నేను మనవి చేయబోవునది మిక్కిలి దూరదేశపు బల్లిని గురించి. దక్షిణాఫ్రికా ఉత్తరభాగమున, ఒక్క కొండ ప్రాంతములో మాత్రమే అది నివసించుచున్నది. చెట్లు నరికివేయుట వలన నిలువనీడ కోల్పోయిన ప్రాణుల కథలను మీరు పెక్కు వినియుందురు. ఈ బల్లికి ఆపద వచ్చినది చెట్లు నాటుట వలన. అందువలననే దీని కథ వినదగినది.

దక్షిణాఫ్రికాలో ఉత్తరపు కొసనున్న రాష్ట్రము లింపోపో. దాని ముఖ్యపట్టణమైన పోలోక్వానే నుండి తూర్పుగా సుమారు 60 కిలోమీటర్లు పోయినచో హేనర్ట్స్‌బర్గ్ అను చిన్న ఊరు వచ్చును. 19వ శతాబ్దము చివర బంగారము వెదకుచు వచ్చినవారు ఏర్పరచుకొన్న ఊరది. సముద్రమట్టమునకు సుమారు 1,400 మీటర్ల ఎత్తున ఉన్నది. దానికి తూర్పున పీఠభూమి ఒక్కసారిగా తెగి, పల్లపు ప్రదేశములోనికి దిగిపోవును. హిందూమహాసముద్రము మీదినుండి వీచు తేమగాలి ఈ కొండగోడకు తగిలి, పైకెక్కి చల్లబడి, పొగమంచుగాను తుంపరగాను మారును. లోయలలో వుడ్‌బుష్ అను దట్టమైన సహజారణ్యము కలదు. లోయ దాటి మిట్టలెక్కినచో అంతయు గడ్డి. గడ్డి నడుమ అక్కడక్కడ గ్రానైటు గుండ్లు, పలకలు. మన రాయలసీమలోను, తెలంగాణములోను గుట్టలపై ఎవరో పేర్చినట్లు కానవచ్చు గుండ్ల వంటివే అవియు. ఆ గడ్డినేలలకు, ఆ గుండ్లకు మన బల్లి హక్కుదారు.

1937లో వివియన్ ఫిట్జ్‌సైమన్స్ అను శాస్త్రజ్ఞుడు ఈ బల్లిని వర్ణించి, లైగోడాక్టిలస్ మెథ్యూనీ అను శాస్త్రనామము నొసగెను. ఆయన ప్రిటోరియా నగరములోని ట్రాన్స్‌వాల్ మ్యూజియములో పనిచేసి, తరువాత దానికి అధ్యక్షుడైన పండితుడు. దక్షిణాఫ్రికా తొండలు, బల్లులను గురించి 1943లో ఆయన వ్రాసిన గ్రంథము చిరకాలము ప్రమాణముగా నిలిచినది. పేరులోని మెథ్యూన్ ఎవరన్నచో, 1910 మొదలు కొన్ని సంవత్సరములు అదే మ్యూజియములో పనిచేసిన పాల్ మెథ్యూన్ అను ఆంగ్లేయుడు. ఆయన తండ్రి బోయరు యుద్ధములో, 1899 డిసెంబరున మాగర్స్‌ఫాంటైన్ వద్ద ఓటమి చెందిన సేనాని. కుమారుడు ఆయుధములు కాక కప్పలను, బల్లులను పరిశీలించుటకై అదే దేశమునకు వచ్చెను. ఆపైన స్వదేశమునకు పోయి, ప్రాణిశాస్త్రమును విడిచి, పేరెన్నికగన్న చిత్రకారుడయ్యెను. ఆయన చిత్రములు మ్యూజియములలో కలవు. ఆయన పేరు మాత్రము ఆఫ్రికా కొండమీది రాతిపై ప్రాకుచున్నది.

ఇక ఈ ప్రాణి ఎట్టిదో చూతము. తోకను విడిచి కొలిచినచో సుమారు 4 సెంటీమీటర్లు. అనగా మన బొటనవ్రేలి పొడవునకును చాలదు. మన ఇంటిబల్లి రాత్రించరము. దాని కంటిపాప పగటివేళ నిలువుగీత వలె సన్నబడును. లైగోడాక్టిలస్ కుటుంబములోని బల్లులు పగటివేళ తిరుగునవి. వాటి కంటిపాప మన కంటిపాప వలెనే గుండ్రముగా ఉండును. ఆఫ్రికాలోను మడగాస్కరులోను వ్యాపించిన ఈ కుటుంబమునకు దాదాపు 80 జాతులు కలవు. ఎండ కాచినప్పుడు రాతిమీదికి వచ్చి ఒడలు వెచ్చచేసికొనుట, చీమలను చెదలను చిన్న పురుగులను పట్టి తినుట, గ్రద్దనీడయో పామునీడయో కనబడినంతనే పగులులో దూరుట, ఇది వీని దినచర్య. కంటికి రెప్పలు లేనందున మురికిపడినప్పుడు నాలుకతోనే కన్ను తుడుచుకొనును.

బల్లి గోడకు ఎట్లు అంటుకొనును? జిగురు వలన అని చిన్ననాడు మనము చెప్పుకొన్నాము. జిగురు ఏమియు లేదు. వ్రేళ్ళ క్రింది మెత్తలపై కంటికి కానరాని సన్నని నూగు వేలకొలదిగా ఉండును. ఒక్కొక్క నూగు కొస మరల వందలకొలది పాయలుగా చీలియుండును. ఆ పాయల కొసలు రాతిని ఎంత దగ్గరగా తాకుననగా, అణువులకును అణువులకును మధ్య సహజముగా ఉండు స్వల్పాకర్షణయే బల్లిని నిలువబెట్టును. ఒక్కొక్క కొస పట్టు అత్యల్పము. లక్షలు కలిసినప్పుడు బలము. అమెరికాలో కెల్లర్ ఆటమ్ అను శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు 2000, 2002 సంవత్సరములలో ఈ సంగతిని ప్రయోగపూర్వకముగా నిరూపించిరి. మన చిరుబల్లి కుటుంబమునకు మరియొక విశేషము కలదు. దాని తోక కొన క్రింద సయితము ఇట్టి మెత్తలు ఉన్నవి. అనగా దానికి నాలుగు పాదములు కాక, తోకయే ఐదవ పాదమై పట్టుకొనును. గాలి విసురుగా కొట్టు కొండరాతిపై బ్రతుకుదానికి ఇది సామాన్యమైన ఉపకారము కాదు.

ఈ బల్లి జీవితములో రాయి ఇల్లు, గడ్డి కొట్టు. బల్లి శీతరక్తము గల ప్రాణి. తన దేహమునకు కావలసిన వేడిని తాను పుట్టించుకొనలేదు, ఎండ నుండి తెచ్చుకొనవలెను. కొండమీద గాలి చల్లనిది. అయినను ఎండసోకిన రాతిపలక త్వరగా వెచ్చబడి, సాయంకాలము వరకు ఆ వేడిని దాచియుంచును. రాతిపగులు శత్రువుల నుండి రక్షణ. ఈ కుటుంబపు బల్లులు సాధారణముగా రెండేసి గ్రుడ్లు పెట్టును, పెంకు గట్టియైన ఆ గ్రుడ్లకు ఇట్టి మరుగే కావలెను. వానలు లేని కాలపు చివర గడ్డికి నిప్పంటుకొని కొండలు కాలుట అచ్చట అనాదిగా జరుగుచున్నదే. గడ్డిమంట వేగముగా సాగిపోవును. రాతిపగులు లోపలి ప్రాణిని అది తాకదు. పురుగులను పోషించునది చుట్టునున్న గడ్డి. రాయి ఉండి గడ్డి లేకున్నను, గడ్డి ఉండి ఎండ లేకున్నను ఈ కాపురము సాగదు.

గడ్డి అనినంతనే మనకు తేలికభావము. "గడ్డి కరచినాడు" అని అవినీతిపరుని నిందింతుము. "గడ్డిపోచ" అని బలహీనుని తీసివేయుదుము. చెట్లు లేక గడ్డి మాత్రమే ఉన్న కొండను చూచినప్పుడు, ఒకప్పుడు ఇచ్చట అడవి ఉండి నశించియుండునని తలచుట కద్దు. ఆంగ్లేయ వనాధికారులును పెక్కుచోట్ల అట్లే తలచిరి. కాని మానవుడు గొడ్డలి పట్టుటకు ఎంతో పూర్వమే వర్షము, మంచు, నిప్పు, మేయు మృగములు కలిసి తీర్చిన ప్రాచీనభూములు ఈ గడ్డినేలలు. వాని సంపద నేలక్రింద ఉండును. దుంపలతోను, వేరుమొదళ్ళతోను జీవించు మొక్కలు అందు అనేకములు. మంట పైభాగమును కాల్చివేసినను, మొదటి వాన పడగానే అవి పువ్వులతో లేచి వచ్చును. అట్టి మొక్కలు పెరుగుటకు దశాబ్దములు పట్టును. ఒక్కసారి నాగలితో ఆ నేలను తిరుగవేసినచో, తరువాత గడ్డి మరల మొలిచినను ఆ పాతమొక్కలు తిరిగి రావు.

దక్షిణాఫ్రికాలో సహజారణ్యము మిక్కిలి తక్కువ. దేశవిస్తీర్ణములో నూటికి ఒక వంతు కూడ లేదు. జోహన్నెస్‌బర్గు బంగారుగనులకు లోపల పైకప్పు కూలకుండ నిలుపు దూలములు కావలసివచ్చెను. ఇండ్లకు కలప, పత్రికలకు కాగితము కావలెను. వాన సమృద్ధిగా కురియు కొండలపై గడ్డి తప్ప మరేమియు కానరాలేదు. అందుచేత 20వ శతాబ్దపు ప్రారంభము నుండి ఇతర ఖండముల నుండి తెచ్చిన పైన్ చెట్లను, మనవారు జామాయిలు అనియు నీలగిరి అనియు పిలుచు యూకలిప్టస్ చెట్లను అచ్చట వరుసలు తీర్చి నాటిరి. వుడ్‌బుష్ కొండలలో 1906లో ఈస్ట్‌వుడ్ అను వనాధికారి నాటించిన యూకలిప్టస్ చెట్లు కొన్ని నేడు 80 మీటర్లకు మించి పెరిగినవి. మానవుడు నాటిన చెట్లలో ప్రపంచమున అత్యున్నతమైన వానిలో ఇవి పేర్కొనబడినవి. యాత్రికులు మెడలెత్తి వానిని చూచి ఆశ్చర్యపడుదురు. అవే కొండలలో బొటనవ్రేలంత బల్లి ఒకటి చోటు కరవై తగ్గిపోవుచుండుట ఎవరి కంటను పడును?

నాటినవారిది దురుద్దేశము కాదు. ఆ చెట్ల వలన అనేక కుటుంబములకు జీవనోపాధి లభించినది. సహజారణ్యముపై గొడ్డలిపోటు కొంత తప్పినది. అయినను బల్లి వైపు నుండి చూడుడు. నారు పెట్టిన కొన్ని ఏండ్లకే చెట్ల కొమ్మలు కలిసికొని కొండపై చీకటి కమ్మును. ఎండసోకని రాయి చల్లబడి, నాచు పట్టును. రాలిన పైన్‌సూదులు దట్టమైన పరుపుగా ఏర్పడి గడ్డిని మొలవనీయవు. గడ్డితోపాటు దాని పురుగులు పోవును. ఎవరును ఆ బల్లిని చంపలేదు, దాని రాతిని పగులగొట్టలేదు. రాయి యథాస్థానమున ఉన్నది. దానిపై పడవలసిన ఎండను మాత్రము తీసికొనిరి.

ఈ నష్టము బల్లితోనే ఆగినచో, మనుష్యునికి దానితో ఏమి పని అని అడుగువారు ఉందురు. ఆ ప్రశ్నకు నీరు సమాధానము చెప్పినది. గడ్డికొండ వానను నెమ్మదిగా త్రాగి, ఎండకాలమున ఊటలుగా విడుచును. వుడ్‌బుష్ కొండల ఊటల నుండియే లెటాబా నది బయలుదేరి, తూర్పుపల్లపు తోటలను తడిపి, ప్రసిద్ధమైన క్రూగర్ జాతీయ మృగవనము మీదుగా ప్రవహించును. చెట్లు నాటినచో ఊటలు పెరుగునని పలువురు నమ్మిరి. దక్షిణాఫ్రికా శాస్త్రజ్ఞులు నమ్మకముతో తృప్తిపడక, వాగులకు కొలతగోడలు కట్టి సంవత్సరముల తరబడి కొలిచిరి. ఆ దేశపు తూర్పుకొండలలోనే మోకోబులాన్ అను పరిశోధనక్షేత్రము కలదు. అచ్చట ఏడాది పొడవున పారుచుండిన ఒక గడ్డికొండవాగు పరీవాహకములో 1969లో యూకలిప్టస్ నాటిరి. తొమ్మిది సంవత్సరములకు వాగు పూర్తిగా ఎండిపోయినది. దాని ప్రక్క వాగు చుట్టు 1971లో పైన్ నాటిరి. పన్నెండేండ్లకు అదియు ఎండినది. పదునారేండ్ల వయస్సున యూకలిప్టస్ చెట్లను పూర్తిగా కొట్టివేసినను, తరువాత ఐదేండ్ల వరకు వాగులో నిలుకడగా నీరు రాలేదు. నేల లోతున దాగిన నీటిని సయితము ఆ వేళ్ళు పీల్చియుండెను; ముందు ఆ లోటు తీరిన పిమ్మటగాని వాగునకు వంతు రాలేదు.

ఇట్టి పరిశీలనల ఫలితముగా ఆ దేశములో 1972 నుండి, కొత్తగా కలపతోటలు వేయువారు ప్రభుత్వానుమతి పొందవలెనను నియమము వచ్చినది. 1998 నాటి జాతీయ జలశాసనము కలపతోటలను "వాగునీటిని తగ్గించు కార్యములు" అను తరగతిలో చేర్చినది. చెట్టు నాటుటను నీటివాడకముగా లెక్కించి, దానికి అనుమతి కోరిన శాసనము ప్రపంచమున అరుదు. అది చెట్టుపై ద్వేషముతో వచ్చినది కాదు. వాగు ఎండుటను కన్నులార చూచిన అనుభవము వలన వచ్చినది.

అయితే అప్పటికే వుడ్‌బుష్ ప్రాంతపు గడ్డినేలలలో అధికభాగము తోటలక్రింద మునిగిపోయినది. మిగిలినవి చెదరిన ముక్కలు. 2011లో దక్షిణాఫ్రికా ప్రభుత్వము ప్రకటించిన ప్రమాదస్థితిలోని ప్రకృతిమండలముల పట్టికలో, ఈ గడ్డినేల అన్నిటికంటె తీవ్రమైన తరగతిలో చేరినది. చిరుబల్లిని ప్రకృతి సంరక్షణ సంస్థలు "హానికి లోనుకాదగిన" జాతిగా పరిగణించుచున్నవి. ముక్కలైన నేలలో మరియొక చిక్కు కలదు. ఒక ముక్కలోని బల్లులకు అగ్ని వలననో, అనావృష్టి వలననో కీడు కలిగినప్పుడు, ప్రక్క ముక్క నుండి వచ్చి వాని స్థానమును నింపునవి ఉండవు. నడుమ ఉన్నది చీకటితోట. బొటనవ్రేలంత ప్రాణికి అది సముద్రముతో సమానము. హేనర్ట్స్‌బర్గు పౌరులు కొందరు సంఘముగా ఏర్పడి, ఊరి ప్రక్కన మిగిలిన గడ్డినేలను కాపాడుటకు పాటుపడుచున్నారు. పరాయిమొక్కలను పెరికివేయుట, ఏ భాగమును ఎప్పుడు కాల్చవలెనో నిర్ణయించి కాల్చుట, పూలకాలమున పిల్లలకు ఆ మొక్కలను చూపుట వంటివే అట్టి నేలలకు కావలసిన సేవలు. అచ్చట గడ్డిని రక్షించుటకు కొన్ని చెట్లను కొట్టవలసియున్నది.

చెట్టు కొట్టుట రక్షణ యనిన మన చెవులకు వింతగా తోచును. అశోకుడు బాటల కిరుప్రక్కల చెట్లు నాటించెనని బడిపిల్లవాడైనను చెప్పును. 1950లో మున్షీగారు ఆరంభించిన వనమహోత్సవమును మనము నేటికిని జరుపుకొనుచున్నాము. నీడలేని బాటకు చెట్టు, ఇంటిముందు వేప, చెరువుగట్టున మఱ్ఱి, నరికిన అడవిలో మరల ఆ అడవిచెట్టే నాటుట, ఇవన్నియు పుణ్యకార్యములే. సందేహము లేదు. కాని ఏ చెట్టు, ఏ నేలలో, దేనిని తొలగించి అను మూడు ప్రశ్నలు వేసికొనక నాటిన చెట్టు ఉపకారము చేయునని చెప్పజాలము.

ఈ సంగతి మన దేశమునకు దూరమైనది కాదు. నీలగిరి కొండలపై సహజముగా ఉన్నవి లోయలలో చిన్నచిన్న అడవులు, మిట్టలపై విశాలమైన గడ్డిబయళ్ళు. ఆంగ్లేయుల కాలమున ఆస్ట్రేలియా నుండి యూకలిప్టస్‌ను, వాటిల్ అను తుమ్మజాతి చెట్టును తెచ్చి ఆ బయళ్ళలో నాటిరి. స్వాతంత్ర్యము వచ్చిన తరువాతను ఆ పని సాగినది. నేడు వాటిల్ ఎవరును నాటకయే వ్యాపించుచు, వరయాడు అను కొండమేక మేయు పచ్చికను ఆక్రమించుచున్నది. మన తెలుగునాట కర్నూలు ప్రాంతపు రోళ్ళపాడులో, గడ్డినేలలలో తప్ప బ్రతుకలేని బట్టమేకపిట్ట కొరకు 1988లో అభయారణ్యము నేర్పరచిరి. అభయారణ్యమను పేరులో అరణ్యమున్నది. ఆ పక్షికి కావలసినది మాత్రము అరణ్యము కాదు, గడ్డి. ఆ పక్షి నేడు దేశమంతటను అత్యల్పసంఖ్యలో మిగిలియున్నది. మన రెవిన్యూ లెక్కలలో చెట్టు గాని పంట గాని లేని నేలకు బీడు అని, బంజరు అని పేర్లు. ఆ పేరు వ్రాసిననాడే ఆ నేల నిరుపయోగమని తీర్పు చెప్పినట్లగును. పశువులకు మేత, జింకకు పరుగు, పక్షికి గూడు, వాగునకు ఊట ఇచ్చు నేలను బీడు అనుట న్యాయమేనా?

వుడ్‌బుష్ కొండల చిరుబల్లికి శకునము చెప్పుట రాదు. అది ఎవరి మీదను పడదు, ఎవరి మాటకును సత్యమని పలుకదు. మందులకు పనికివచ్చునని గాని, పంటను కాపాడునని గాని చెప్పి దానికి సిఫారసు చేయుటకు నాకు ఆధారము లేదు. అది ఆ కొండలలో తప్ప భూమిమీద మరెచ్చటను లేదు. అచ్చట పోయినచో మరల రాదు. ఆ ఒక్క కారణము చాలును. దాని కోర్కెలును పెద్దవి కావు. ఎండసోకు రాయి ఒకటి, రాతి చుట్టు గడ్డి, గడ్డిలో పురుగు. ఆ మూటిని అట్లే ఉండనిచ్చినచో దానికి మనుష్యుని వలన వేరు సహాయము అక్కరలేదు. శ్రోతలలో ఎవరైన ఇకమీదట చెట్టులేని గుట్టను చూచినప్పుడు, ఇచ్చట ఏమి నాటవలెను అని తలచుటకు ముందు, ఇచ్చట ఏమున్నది అని ఒక్కమారు వంగి చూచినచో, ఈ ప్రసంగము సార్థకమైనట్లు భావింతును.